పెద్ద బోరు స్టెయిన్‌లెస్ స్టీలు రివాల్వరు

పెద్ద బోరు స్టెయిన్‌లెస్ స్టీలు రివాల్వరు అనగా గొట్టం లోపలి వ్యాసం సుమారు 0.40 అంగుళం (10 మి.మీ.) లేదా అంతకు మించి ఉండి, చట్రం, గొట్టం, సిలిండరు తుప్పును తట్టుకొనే క్రోమియం ఉక్కుతో తయారైన రివాల్వరు. వీటి తయారీ, వాడకం ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఉన్నాయి. చేతి తుపాకితో చేసే వేట, లోహపు బొమ్మలను పడగొట్టే గురి పోటీలు, ఎలుగుబంట్లు తిరిగే అడవులలో ఆత్మరక్షణ వీటి ముఖ్య ఉపయోగాలు. ఈ తుపాకులు కొనేవారు మొదట ఎదుర్కొనే ప్రశ్న ఏ కాలిబరు తీసుకోవాలన్నది. కొన్న తరువాత ఎదురయ్యేది దానిని ఎలా శుభ్రపరచాలన్నది. ఈ రెండు ప్రశ్నలకు చాలామంది అనుకొనే దానికంటే దగ్గరి సంబంధం ఉన్నది.

ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి కేసు, అందులోని మందు, అడుగున ఉండే ప్రైమరు, కొసన ఉండే గుండు అన్నీ కలిసినది. గుండు అంటే గొట్టం నుండి బయటకు పోయే లోహపు ముక్క మాత్రమే. వాడుకలో ఈ రెండు మాటలను ఒకదాని బదులు ఒకటి వాడుతుంటారు గానీ, కాలిబరు సంగతి అర్థం కావాలంటే వీటిని వేరుగా చూడక తప్పదు.

చరిత్ర

స్టెయిన్‌లెస్ స్టీలుకు, తుపాకులకు సంబంధం ఆ ఉక్కు పుట్టుక నుండే ఉన్నది. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు తుపాకి గొట్టాలు లోపల త్వరగా అరిగిపోకుండా ఉండే మిశ్రలోహం కోసం ప్రయోగాలు చేస్తూ, క్రోమియం ఎక్కువగా కలిపిన ఉక్కు తుప్పు పట్టడం లేదని గమనించాడు. ఆ ఉక్కు మొదట భోజనపు కత్తులకు ప్రసిద్ధి పొందింది. చేతి తుపాకులలోకి రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. స్మిత్ అండ్ వెస్సన్ సంస్థ 1965లో విడుదల చేసిన మోడల్ 60 మొట్టమొదటి స్టెయిన్‌లెస్ స్టీలు రివాల్వరుగా పేరు పొందింది. అది .38 స్పెషల్ తూటాను పేల్చే చిన్న తుపాకి.

పెద్ద బోరు తూటాల కథ ఇంకా పాతది. .45 కోల్ట్ తూటా 1870ల ఆరంభంలో అమెరికా సైన్యం కోసం తయారైనది. .44 స్పెషల్ 1907లో వచ్చింది. ఐడహో రాష్ట్రంలో నివసించిన ఎల్మర్ కీత్ అనే పశుపాలకుడు, రచయిత .44 స్పెషల్‌లో మందు పరిమాణం పెంచి, బరువైన గుండ్లు అమర్చి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు. అంతకుముందు ఆయన .45 కోల్ట్‌తో ఇదే పని చేయబోగా 1925లో సిలిండరు పేలిపోయింది. .45 కేసు లావుగా ఉండడం వలన పాత రివాల్వర్లలో సిలిండరు గోడలు పలుచగా మిగిలేవి. .44లో ఆ గోడలు కొంత మందంగా ఉంటాయి గనుక ఆయన దానివైపు మళ్ళాడు. ఆయన ప్రోద్బలంతో రెమింగ్టన్, స్మిత్ అండ్ వెస్సన్ సంస్థలు కలిసి 1955 చివరలో .44 మాగ్నం తూటాను, దానికి తగిన రివాల్వరును రూపొందించాయి. ఆ రివాల్వరుకు తరువాత మోడల్ 29 అని పేరు పెట్టారు. 1971లో విడుదలైన డర్టీ హ్యారీ చలనచిత్రంలో క్లింట్ ఈస్ట్‌వుడ్ దీనిని చేతబట్టిన తరువాత ప్రజలలో దీనికి విపరీతమైన గిరాకీ ఏర్పడింది.

1976లో ఏర్పడిన అంతర్జాతీయ చేతి తుపాకి లోహపు బొమ్మల గురి సంఘం ఈ తుపాకుల తయారీని మరోలా ప్రభావితం చేసింది. ఆ పోటీలలో కోడి, పంది, టర్కీ కోడి, పొట్టేలు ఆకారాలలో కోసిన ఉక్కు బొమ్మలను వరుసగా 50, 100, 150, 200 మీటర్ల దూరంలో నిలబెడతారు. గుండు తగిలితే చాలదు, బొమ్మ కిందపడాలి. 200 మీటర్ల వద్ద బరువైన పొట్టేలు బొమ్మను పడగొట్టడానికి బలమైన తూటా, వందల కొలది తూటాలు పేల్చినా వదులు కాని తుపాకి రెండూ అవసరమయ్యాయి. 1979లో రూగర్ సంస్థ దృఢమైన చట్రంతో రెడ్‌హాక్‌ను స్టెయిన్‌లెస్ స్టీలులో విడుదల చేసింది. అదే కాలంలో స్మిత్ అండ్ వెస్సన్ తన మోడల్ 29కి స్టెయిన్‌లెస్ రూపంగా మోడల్ 629ను తెచ్చింది. వయోమింగ్ రాష్ట్రంలోని ఫ్రీడమ్ ఆర్మ్స్ 1983లో .454 కాసుల్ రివాల్వరును, రూగర్ 1987లో సూపర్ రెడ్‌హాక్‌ను, కోల్ట్ 1990లో అనకొండను మార్కెట్లోకి తెచ్చాయి. అనకొండ తయారీ మధ్యలో ఆగిపోయి 2021లో మళ్ళీ మొదలైనది. స్మిత్ అండ్ వెస్సన్ 2003లో .500 మాగ్నంను, 2005లో .460 మాగ్నంను ప్రవేశపెట్టింది.

కాలిబరు అంకెల అర్థం

కాలిబరు అంకె అంగుళంలో నూరవ వంతులను సూచిస్తుందని పుస్తకాలలో చెబుతారు. ఆచరణలో ఇది పూర్తిగా నిజం కాదు. .44 మాగ్నం గుండు అసలు వ్యాసం 0.429 అంగుళం (10.9 మి.మీ.). .38 స్పెషల్ గుండు వ్యాసం 0.357 అంగుళమే. పూర్వకాలపు తూటాలలో గుండు వెలుపలి వ్యాసం కేసు వెలుపలి వ్యాసంతో సమానంగా ఉండేది. తరువాత గుండును కేసు లోపలికి దించి అమర్చే పద్ధతి రావడంతో గుండు సన్నబడింది, పేరు మాత్రం పాతదే మిగిలింది. .41 మాగ్నం (1964) ఈ విషయంలో నిజాయితీ గలది, దాని గుండు 0.410 అంగుళమే.

అందువలన పేరులోని అంకెను బట్టి తూటాను ఎంచుకోవడం ప్రమాదకరం. తుపాకి గొట్టం మీద ముద్రించిన పూర్తి పేరును, తూటా పెట్టె మీది పూర్తి పేరును పోల్చి చూడాలి. .45 కోల్ట్, .454 కాసుల్, .460 మాగ్నం మూడింటి గుండ్ల వ్యాసం ఒక్కటే, 0.452 అంగుళం. తేడా కేసు పొడవులోను, లోపలి పీడనంలోను ఉన్నది. వాటి కేసుల పొడవులు వరుసగా 32.6, 35.1, 45.7 మిల్లీమీటర్లు. .45 కోల్ట్‌కు అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు కాగా మిగిలిన రెండింటికి 65,000 పౌండ్లు. అలాగే .44 స్పెషల్‌కు 15,500, .44 మాగ్నంకు 36,000.

పొట్టి తూటాను పొడవాటి అరలో పేల్చవచ్చు గానీ, పొడవాటి తూటాను పొట్టి అరలో పేల్చరాదు. .44 మాగ్నం రివాల్వరులో .44 స్పెషల్ పేలుతుంది. .460 రివాల్వరులో .454, .45 కోల్ట్ రెండూ పేలుతాయి. మాగ్నం కేసును పొడవుగా చేయడానికి ఉన్న ముఖ్య కారణమే అది పాత బలహీనమైన తుపాకులలోకి దూరకుండా చేయడం. అయితే ఈ రక్షణ అన్నివేళలా పనిచేయదు. కొన్ని సంస్థలు .45 కోల్ట్ కేసులోనే ఎక్కువ మందు నింపి, దృఢమైన ఆధునిక రివాల్వర్లకు మాత్రమే అని పెట్టె మీద రాసి అమ్ముతాయి. ఆ తూటా నూరేళ్ళ నాటి కోల్ట్ రివాల్వరులోకి కూడా చక్కగా దూరుతుంది. అక్కడ దానిని అడ్డుకొనేది పెట్టె మీది ఆ ఒక్క వాక్యమే. పెట్టె నుండి తీసి విడిగా దాచిన తూటాలను ఎవరైనా ఇస్తే తీసుకోకపోవడం అందుకే మంచిది.

వెనుతన్ను

ఎంపికలో నిర్ణాయకమైనది తూటా శక్తి కంటే అది పేల్చినప్పుడు చేతికి తగిలే వెనుతన్ను. ఇది పాఠశాలలో చదివే న్యూటన్ మూడవ నియమమే. గుండు ముందుకు తీసుకుపోయే ద్రవ్యవేగానికి సమానమైన ద్రవ్యవేగం తుపాకికి వెనుకవైపు కలుగుతుంది.

.44 మాగ్నంలో సాధారణమైన 240 గ్రెయిన్ల (15.6 గ్రాముల) గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో వెళ్ళిందనుకొందాం. తుపాకి బరువు 1.3 కిలోగ్రాములైతే అది సెకనుకు 4.8 మీటర్ల వేగంతో వెనుకకు వస్తుంది. దాని గతిశక్తి 15 జౌళ్ళు. అదే తుపాకిలో దాదాపు అంతే బరువున్న .44 స్పెషల్ గుండును 230 మీటర్ల వేగంతో పేలిస్తే ఆ శక్తి 5 జౌళ్ళకు పడిపోతుంది. మాగ్నం తూటానే 0.75 కిలోల తేలిక లోహపు తుపాకిలో పేలిస్తే 26 జౌళ్ళు అవుతుంది. .500 మాగ్నం 350 గ్రెయిన్ల గుండు 550 మీటర్ల వేగంతో వెళితే, రెండు కిలోలకు పైగా బరువున్న తుపాకిలో కూడా అది 38 జౌళ్ళు. మందు కాలగా పుట్టే వాయువులు కూడా ముందుకు దూసుకుపోతాయి గనుక అసలు విలువలు ఈ లెక్క కంటే గణనీయంగా ఎక్కువ. పోల్చుకొనడానికి మాత్రం ఈ లెక్క సరిపోతుంది.

ఈ అంకెలలో ఒక సంగతి స్పష్టం. మోసుకు తిరగడానికి హాయిగా ఉండే తేలిక తుపాకి పేల్చడానికి కష్టమైనది. బలమైన వెనుతన్నుకు మరో పర్యవసానం ఉంది. తుపాకి ఒక్కసారిగా వెనుకకు గుంజుకొన్నప్పుడు సిలిండరులో ఇంకా పేలని తూటాల కేసులు దానితోపాటు వెనుకకు పోతాయి, గుండ్లు మాత్రం జడత్వం వలన ఉన్నచోటనే ఉండబోతాయి. కేసు అంచు గుండును గట్టిగా పట్టి ఉండకపోతే గుండు ముందుకు జారి సిలిండరు ముందు భాగం నుండి బయటకు పొడుచుకు వస్తుంది, దానితో సిలిండరు తిరగకుండా బిగుసుకుపోతుంది. తేలిక తుపాకులలో ఇది ఎక్కువ. ఎలుగుబంటి ఎదురుగా ఉన్నప్పుడు ఇలా జరిగితే తూటా ఎంత శక్తిమంతమైనదైనా నిష్ప్రయోజనమే. అందువలన ఆత్మరక్షణకు ఎంచుకొన్న తూటాను ముందుగా మైదానంలో పరీక్షించాలి. సిలిండరులో ఒక తూటాను పేల్చకుండా ఉంచి మిగతావి పేల్చి, ఆ మిగిలిన దాని పొడవును కొలిచి చూస్తారు.

ఏది ఎంచుకోవాలి

జింక, అడవి పంది, నల్ల ఎలుగుబంటి వంటి జంతువుల వేటకు .44 మాగ్నం సరిపోతుంది. .41 మాగ్నం కూడా దాదాపు అంతే పని చేస్తుంది గానీ దాని తూటాలు అన్ని దుకాణాలలోను దొరకవు. ఇంటి వద్దనే తూటాలు తిరిగి నింపుకొనేవారికి .45 కోల్ట్ మంచిది. అది తక్కువ పీడనంతో బరువైన గుండును నెమ్మదిగా పంపుతుంది, చెవికి, చేతికి రెండింటికీ మెత్తన. అలాస్కాలోని గోధుమవర్ణపు ఎలుగుబంట్ల ప్రాంతాలలో తిరిగేవారు .454 కాసుల్‌ను, .480 రూగర్‌ను ఇష్టపడతారు. అక్కడ విచ్చుకొనే గుండ్ల కంటే గట్టి సీసంతో పోతపోసిన చదును ముక్కు గుండ్లను వాడడం పరిపాటి, ఎందుకంటే అవి లోతుగా దిగుతాయి. ఆ ప్రాంతాలలో మిరియపు ద్రవం చిమ్మే డబ్బాను కూడా వెంట ఉంచుకొమ్మని వన్యప్రాణి శాఖలవారు చెబుతారు.

.460, .500 మాగ్నంలు ఎక్కువ మందికి అవసరం లేనివి. వాటిని కొన్నవారిలో చాలామంది ఒక పెట్టె తూటాలు పేల్చి తుపాకిని బీరువాలో పెడతారనే మాట ఆ దేశపు వేటగాళ్ళలో హాస్యంగా వినిపిస్తుంది. ఇందులో హాస్యం కాని విషయం కూడా ఉంది. వెనుతన్నుకు భయపడిన చేయి ట్రిగ్గరు నొక్కేముందే బిగుసుకుంటుంది, గురి తప్పుతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. సరిగా తగిలిన .44 స్పెషల్ కంటే తప్పిపోయిన .500 ఏ విధంగాను మేలు కాదు. అందుకే కొత్తవారు .44 మాగ్నం రివాల్వరు కొని, మొదట కొన్ని నెలలు .44 స్పెషల్‌తో సాధన చేయడం అన్నిటికంటే మంచి మార్గం. వేటలో వాడదగిన కనీస కాలిబరును, శక్తిని కొన్ని రాష్ట్రాలు చట్టం ద్వారా నిర్ణయించాయి గనుక వాటిని కూడా చూసుకోవాలి.

సిలిండరుకు, గొట్టానికి మధ్య సన్నని సందు ఉంటుంది. పేల్చినప్పుడు ఆ సందు నుండి వేడి వాయువులు పక్కలకు చిమ్ముతాయి. .460, .500 తుపాకులలో ఈ వాయువులు వేలిని తీవ్రంగా గాయపరచగలవు. రెండవ చేతి బొటనవేలు ఏ స్థితిలోను సిలిండరు ముందుకు రాకూడదు. చెవులకు, కళ్ళకు రక్షణ తప్పనిసరి.

స్టెయిన్‌లెస్ స్టీలు స్వభావం

స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదనేది సగం నిజం. ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతం మించినప్పుడు దాని ఉపరితలం మీద కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. గీత పడినా గాలి తగలగానే ఆ పొర మళ్ళీ ఏర్పడుతుంది. అయితే వంటపాత్రలకు వాడే ఉక్కులో నికెలు కూడా ఉంటుంది, దానిని వేడిచేసి గట్టిపరచడం కుదరదు. తుపాకి గొట్టాలకు, సిలిండర్లకు వేడిచికిత్సతో గట్టిపడే రకం కావాలి. ఆ రకంలో తుప్పును తట్టుకొనే గుణం కొంత తక్కువ. చెమటలోను సముద్రపు గాలిలోను ఉండే ఉప్పు ఆ పొరను చిన్న చిన్న చోట్ల ఛేదించి గుంటలు పడేలా చేస్తుంది. పిడి కింద తడి నిలిచినచోట గోధుమరంగు మచ్చలు కనిపించడానికి కారణం ఇదే. లోపలి స్ప్రింగులు, కొన్ని పిన్నులు మామూలు ఉక్కువి కావచ్చు. స్టెయిన్‌లెస్ భాగాలు ఒకదానిపై ఒకటి పొడిగా రాసుకొంటే అతుక్కుపోయి గీరుకొనే గుణం కూడా ఉంది. కనుక నూనె అవసరం ఈ తుపాకులకు కూడా ఉన్నది.

శుభ్రపరచడం

మొట్టమొదట సిలిండరు తెరచి, అన్ని అరలు ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. తూటాలను వేరే గదిలో ఉంచాలి. గాలి ఆడే చోట, చేతి తొడుగులు వేసుకొని ఈ పని చేయడం మంచిది.

పేల్చిన తుపాకిలో నాలుగు రకాల మలినాలు ఉంటాయి, నాలుగింటికీ ఒకే మందు పనిచేయదు. కాలిన మందు మసి మామూలు ద్రావకానికి లొంగుతుంది. రాగి తొడుగు గుండ్లు గొట్టంలో వదిలే రాగిని అమ్మోనియా ఉన్న ద్రావకం కరిగిస్తుంది, అప్పుడు గుడ్డ పీలిక నీలి ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. కంచు తీగల బ్రష్షు నుండి కూడా ఆ రంగు రాగలదు గనుక పీలికను నైలాను కడ్డీతో తోస్తే మోసపోము. మూడవది సీసం. ఇది ఏ మామూలు ద్రావకానికీ లొంగదు, రాపిడితోనే పోవాలి. పాత కంచు బ్రష్షుకు శుద్ధమైన రాగి పీచు చుట్టి, ద్రావకంలో తడిపి గొట్టంలో నడిపితే సీసం రేకులుగా ఊడి వస్తుంది. పాత్రలు తోమే పీచులలో కొన్ని రాగి పూత పూసిన ఉక్కువి. అయస్కాంతానికి అంటుకొంటే దానిని వాడరాదు. సిరకాను, హైడ్రోజన్ పెరాక్సైడును కలిపి సీసాన్ని కరిగించే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. అది కరిగించే మాట నిజమే, కానీ ఫలితంగా వచ్చేది సీసపు అసిటేటు అనే విషం, చర్మం గుండా కూడా శరీరంలోకి పోగలదు. ఉక్కును కూడా తినేస్తుంది. ఆ చిట్కా జోలికి పోకూడదు.

నాలుగవది ఈ తుపాకులకే ప్రత్యేకమైనది, కాలిబరు ఎంపికతో నేరుగా ముడిపడినది. .44 మాగ్నం అరలో .44 స్పెషల్ పేలిస్తే, పొట్టి కేసు మూతి దగ్గర నుండి ముందుకు మూడు మిల్లీమీటర్ల మేర మసి, సీసం కలిసి గట్టి ఉంగరంగా పేరుకుంటాయి. .460లో .45 కోల్ట్ పేలిస్తే ఈ మేర 13 మిల్లీమీటర్లు. తరువాత పొడవాటి తూటాను పెడితే అది బిగుతుగా దిగుతుంది, లేదా దిగదు. బలవంతంగా నొక్కి దింపితే కేసు మూతి ఆ ఉంగరంలో ఇరుక్కొని గుండును విడువలేక పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి పొట్టి తూటాలతో సాధన చేసిన రోజుననే అరలను శుభ్రం చేయాలి. అరకు సరిపడే దానికంటే ఒక సైజు లావైన కంచు బ్రష్షును ద్రావకంలో ముంచి, పావుగంట నాననిచ్చి, తిప్పుతూ రుద్దాలి. మందు, ప్రైమరు లేని నకిలీ మాగ్నం తూటా తన బరువుతో తాను అరలోకి జారిపోతే పని పూర్తయినట్లు. అసలు తూటాతో ఈ పరీక్ష చేయరాదు.

గొట్టం వెనుక కొస గరాటు ఆకారంలో ఉంటుంది. సిలిండరు నుండి దూకిన గుండు మొదట తగిలేది అక్కడే గనుక సీసం అన్నిటికంటే ఎక్కువ పేరుకొనేది కూడా అక్కడే. రివాల్వరు గొట్టంలోకి కడ్డీని మూతివైపు నుండే దూర్చవలసి ఉంటుంది. కడ్డీ మూతి అంచుకు రాసుకోకుండా ఇత్తడి లేదా ప్లాస్టిక్ బిళ్ళను అడ్డుగా పెడతారు, ఆ అంచు చెడితే గురి చెడుతుంది. బ్రష్షును గొట్టం మధ్యలో వెనుకకు తిప్పకుండా పూర్తిగా బయటకు వచ్చే వరకు తోయాలి.

ఖాళీ కేసులను బయటకు తోసే నక్షత్రాకారపు పలక కింద కాలని మందు రేణువులు చేరుతాయి. ఒక్క రేణువు చాలు, ఆ పలక పూర్తిగా కూర్చోక సిలిండరు మూసుకోదు. పాత పళ్ళ బ్రష్షుతో ఇక్కడ పొడిగా దులపాలి. ఖాళీ కేసులను తోసేటప్పుడు తుపాకి మూతిని ఆకాశంవైపు ఎత్తితే రేణువులు కేసులతోపాటే కిందికి రాలిపోతాయి.

సిలిండరు ముందు ముఖం మీద ఏర్పడే నల్లని వలయాలు చాలామందిని బాధపెడతాయి. నీలి పూత ఉన్న తుపాకులలో పూతను తినివేసే సీసం తుడిచే ప్రత్యేక గుడ్డను స్టెయిన్‌లెస్ మీద నిర్భయంగా వాడవచ్చు, దానితో ఈ వలయాలు పోతాయి. అయితే మళ్ళీ ఆరు తూటాలు పేల్చగానే అవి తిరిగి వస్తాయి. అవి తుపాకి పనికి ఏ మాత్రం అడ్డు కావు. మెరుపు కోసం ముతక కాగితంతోనో ఉక్కు బ్రష్షుతోనో రుద్దితే మసి పోవడం అటుంచి సిలిండరుకు, గొట్టానికి మధ్య సందు వెడల్పవుతుంది. గొట్టం పైభాగపు చట్రం మీద వాయువులు కోసిన సన్నని గాడి కూడా కనిపిస్తుంది. అది కొంత లోతు వరకు వెళ్ళి సాధారణంగా ఆగిపోతుంది.

చివరగా సిలిండరు ఇరుసుకు, సుత్తి కదలికలకు ఒక్కొక్క చుక్క నూనె చాలు. అరల లోపల నూనె మిగలకూడదు. పేలిన క్షణంలో ఇత్తడి కేసు ఉబ్బి అర గోడను పట్టుకొంటుంది. గోడ జిడ్డుగా ఉంటే ఆ పట్టు జారి, తోపు అంతా వెనుక చట్రం మీద పడుతుంది. నూనె ప్రైమరులోకి పాకితే తూటా పేలకపోవచ్చు కూడా. పక్క పలకను తెరవడం తెలియనివారు మరలు విప్పకపోవడమే మేలు. తోలు ఒరలో దాచితే తోలులోని లవణాలు, తేమ మచ్చలు పడేలా చేస్తాయి.

పని ముగిసిన తరువాత చేతులను సబ్బుతో, చల్లని నీటితో కడుక్కోవాలి. ప్రైమరులోను గుండులోను ఉండే సీసం ఈ మసిలో నిండి ఉంటుంది, చిన్నపిల్లల మెదడు ఎదుగుదలకు అది చేటు. వాడిన పీలికలను వంటింటి బల్ల మీద వదలకూడదు.

భారతదేశంలో

బ్రిటిషు పాలనలో 1887 నుండి వాడుకలో ఉన్న .455 వెబ్లీ రివాల్వరు భారతదేశంలో విస్తృతంగా కనిపించిన పెద్ద బోరు రివాల్వరు. అది నీలి పూత ఉక్కుతో చేసినది, మాగ్నంలతో పోలిస్తే చాలా తక్కువ పీడనంతో పనిచేసేది. నేడు 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకిని, తూటాలను కలిగి ఉండరాదు. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. పౌరులకు దేశీయ ఆయుధ కర్మాగారాలు తయారుచేసే రివాల్వర్లలో ప్రధానమైనది .32 కాలిబరు. కాన్పూరులో తయారై 2014లో విడుదలైన తేలిక రివాల్వరు నిర్భీక్ కూడా ఈ కాలిబరుదే.

క్రీడలలోనూ మాగ్నంలకు చోటు లేదు. 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో 7.62 నుండి 9.65 మి.మీ. మధ్య కాలిబర్లను మాత్రమే అనుమతిస్తారు. 2006 దోహా ఆసియా క్రీడలలో జస్పాల్ రాణా స్వర్ణం గెలిచిన పోటీలలో ఇది ఒకటి. ఈ పోటీలలో .32 తూటాతో సాధన చేసే క్రీడాకారులు ఎక్కువగా సీసపు గుండ్లనే వాడుతారు గనుక సీసం తొలగింపు గురించి పైన చెప్పిన విషయాలు వారికి కూడా వర్తిస్తాయి.